మూడో గుర్రం

మా ఆయన గుర్రప్పందేలు ఎప్పటికీ మానలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చదివేవాళ్ళు చివరిదాకా ఆశపడతారు. ఆశపడి ఆశపడి మా ఇంట్లో ఇద్దరాడవాళ్ళం ఎండిపోయాం, ఇంకొకరికి ఆ పని దేనికి.

డెబ్భైలు దాటి ఎనభైలు వచ్చిన కొత్త. పలమనేరులో కాపురం. ఆయన ఒక మండీలో గుమాస్తా. జీతం చేతికి వచ్చేది గానీ ఇంటికి వచ్చేది కాదు. బెంగుళూరు బస్సు మా వీధి మొగదలే ఆగేది. అదే మా కొంప ముంచింది. పందేల రోజున పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి మైదానంలో ఉండేవాడు, రాత్రికి ఖాళీ జేబుతో ఇంట్లో ఉండేవాడు. తాగుడు లేదు, తిట్టు లేదు, చెయ్యి లేపడం లేదు. అబద్ధం అసలే లేదు. అడక్కపోతే చెప్పడు, అడిగితే దాచడు. ఇలాంటి మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో పోట్లాడినవాళ్ళకే తెలుస్తుంది.

ఇల్లు నడిచింది ఆవు మీద. మా పుట్టిల్లు ఐరాల పక్కన. నా మొదటి బిడ్డకు పేరు పెట్టిన నాడు మా నాయన ఒక సీమ పెయ్యను తోలుకొచ్చి పెరట్లో కట్టేసి, "దీన్ని నువ్వు సాకు, ఇది నిన్ను సాకుతాది" అని చెప్పి పోయాడు. అన్నట్టే అయింది. పెయ్య ఆవయింది. రెండు పూటలా పాలు కేంద్రానికి పోసేదాన్ని. ఇంట్లో బియ్యం, రాగులు, ఇద్దరు పిల్లల బడి ఖర్చులు, మా అత్త కళ్ళల్లో చుక్కల మందు, అన్నీ ఆ పొదుగులోంచి రావలసిందే. గుర్రాలు ఆయన జీతం తిన్నా మేం అన్నం తిన్నామంటే అది ఆవు చలవ. అది పోతే మాకు ఇంకో దారి లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు కూడా.

మా అత్త తన కొడుకు కంచంలో సంగటి ముద్ద పెడుతూ "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అనేది. ఆయన నవ్వేవాడు. తల్లి తిట్టినా, నేను తిట్టినా ఆయనకు నవ్వే వచ్చేది.

ఆయన పందెం కట్టే పద్ధతిని 'ఈచ్‌వే' అనేవాడు. మా అత్త నోట్లో అది 'ఈసువే' అయింది. ఈసు అంటే అసూయ కదా, ఎవరి మీద ఈసురా నీకు అని అడిగేది. ఒక సాయంత్రం విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తుంటే నేనే అడిగాను, ఇంతకీ అదేమిటి చెప్పు, మా ఇల్లు దేనికి మునుగుతోందో నాకన్నా తెలియాలి కదా అని. ఆయన ముఖం వెలిగిపోయింది. చేట ముందుకు లాక్కున్నాడు.

"మీ నాయన సేన్లో ఒట్టి సెనక్కాయే ఏస్తాడా?"

"లేదు. మద్దె మద్దెలో కందిసాళ్ళు ఏస్తాడు."

"యాల?"

"వాన మొగం సాటేసి సెనక్కాయి పోయినా, కందన్నా చేతికొస్తాదని."

"అంతేమే. గుర్రం గెలిచేది సెనక్కాయి. ప్లేసు అంటే కందిసాలు. గెలవకపోయినా రెండోదో మూడోదో వస్తే సాలు. సగం దుడ్డు దాని మీద, సగం దీని మీద. రెండు పక్కలా కట్టేదే ఈచ్‌వే."

చేటలో పది గింజలు లెక్కపెట్టి అయిదయిదు కుప్పలు చేశాడు. గుర్రం ధర నాలుక్కొకటి అనుకోమన్నాడు. అంటే రూపాయి కడితే నాలుగు రూపాయల లాభం, కట్టిన రూపాయి కూడా వెనక్కి. గుర్రం గెలిస్తే మొదటి కుప్పలోని అయిదుకు ఇరవై వచ్చి, తన అయిదుతో కలిసి ఇరవై అయిదవుతుంది. రెండో కుప్ప ప్లేసుది. దానికి పూర్తి ధర ఇవ్వరు, ధరలో నాలుగో వంతే ఇస్తారు. నాలుగులో నాలుగో వంతు ఒకటి. కాబట్టి అయిదుకు అయిదు లాభం, తన అయిదుతో పది. రెండు కుప్పలూ కలిపితే ముప్పై అయిదు. గింజలు పేర్చి చూపించి, నా వైపు చూశాడు.

"గెలవకుండా మూడోది వస్తే?" అన్నాను.

మొదటి కుప్ప తీసి నోట్లో వేసుకున్నాడు. "ఇది పందెం దుడ్డు పట్టే బుక్కీ తినేసినాడు." రెండో కుప్పలో పది గింజలు మిగిలాయి. "పది పెట్టినాం, పది వచ్చినాయి. ఏమన్నా పోయిందా? సెప్పు."

నేను ఎస్సెల్సీ దాకా చదివినదాన్ని. లెక్కలంటే భయం లేదు. ధర రెండుకొకటి ఉంటే ఎంతని అడిగాను. రెండులో నాలుగో వంతు అర. అయిదుకు రెండున్నర లాభం, తన అయిదుతో ఏడున్నర. ఒక గింజను పంటితో సగానికి కొరికి పెట్టాడు.

"పది పెడితే ఏడున్నర. గుర్రం వచ్చినా రెండున్నర పోయిందే," అన్నాను. "మా నాయన సేన్లో కంది పండితే ఇంటికి కందే వస్తాది, ఏసిన యిత్తనం తరిగిపోదు. నువ్వేమో అన్నీ సిన్న ధర గుర్రాల మీదనే కడతావు, ఉత్త భయస్తుడివి. నాలుగుకు తక్కువ ధర గుర్రానికి ప్లేసు వచ్చినా నీకు నష్టమే గదా."

ఆయన మిగిలిన సగం గింజ కూడా నోట్లో వేసుకున్నాడు. ఇంకా ఒక నియమం ఉందన్నాడు. ఎనిమిది గుర్రాలు గానీ అంతకు ఎక్కువ గానీ పరిగెత్తితేనే మూడో గుర్రం దాకా ప్లేసు. అయిదు నుంచి ఏడయితే మొదటి రెండింటికే. నాలుగే అయితే ప్లేసన్న మాటే లేదు. ఆ లెక్క దుడ్డు కట్టేటప్పుడు చూస్తారా, పరిగెత్తేటప్పుడు చూస్తారా అని అడిగాను.

"ఎప్పుడు సూస్తే ఏమిమే, గుర్రాలు యాడికి పోతాయి?" అని చేట నా వైపు తోసేశాడు.

ఒక నెల నా పాల బిల్లు కూడా ఆయనే కేంద్రంలో తీసుకుని బెంగుళూరు పోయాడు. ఆ రాత్రి మా అత్త అన్నం తినలేదు. తెల్లారి లేచి నాతో అంది, "కొండ మింద సామి వడ్డీ తీసుకుంటాడు, కాణిపాకం సామి మాట తీసుకుంటాడు. మనోడి దగ్గిర దుడ్డు లేదు గాబట్టి మాటే పెట్టిద్దాం పాపా."

మా వైపు ఇది అందరికీ తెలిసిన దారి. స్టేషన్లో ఎన్ని దెబ్బలు తిన్నా ఒప్పుకోని దొంగ, కాణిపాకంలో వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమంటే ఒప్పేసుకుంటాడు. తాగుబోతులు అక్కడ మాట ఇచ్చి మానేస్తారు. తలమీద నీళ్ళు పోసుకుని తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ఒక్క మాట చెప్పాలి. చెప్పి తప్పితే మనిషి దక్కడని నమ్మకం. నమ్మకమని ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు మాకు అది నమ్మకం కాదు, నిప్పు ముట్టుకుంటే కాలడం ఎలాంటిదో అలాంటిది.

ఆయన మారు మాట్లాడకుండా వచ్చాడు. పూజారి ఏమని ప్రమాణం అని అడిగితే, మా అత్త ముందుకు వచ్చి చెప్పింది. పాపం ఆమెకు పందెమంటే తెలిసింది ఒకటే. "గుర్రం గెలుస్తాదని ఇంక జన్మలో ఒక్క పైసా కట్టను అని సెప్పురా."

ఆయన చేతులు జోడించి, అక్షరం పొల్లు పోకుండా, "గుర్రం గెలుస్తాదని ఇంక జన్మలో ఒక్క పైసా కట్టను" అన్నాడు. ఆ పూట ఇంటికొచ్చి మేం ముగ్గురం పిల్లలతో కూర్చుని కడుపునిండా తిన్నాం. ఆ రెండు నెలలు మా ఇల్లు ఇల్లులా ఉంది.

మూడో నెలలో మళ్ళీ బెంగుళూరు బస్సులో కనిపించాడని ఎవరో చెప్పారు. ఇంటికి రాగానే నిలదీశాను. దాచలేదు.

"పోయినా. కానీ నేను గెలుస్తాదని కట్టలేదే. ఈచ్‌వే మానేసినా. ఒట్టి ప్లేసు మింద కడతా ఉండా. అది గెలవకపోయినా ఫర్వాలేదనే గదా కట్టేది?"

ఎగతాళిగా అనలేదు. ఆలోచించి, తప్పు లేదని తేల్చుకుని అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం విసిరేశాను. మా అత్త మాత్రం కోప్పడలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, "అయితే మాట తప్పలేదు గదా నాయనా" అని అడిగింది. తప్పలేదమ్మా అన్నాడు. ఆమె లేచి అన్నం వడ్డించింది.

ఆ రోజు నుంచి అదే వరస. బెంగుళూరు నుంచి రాగానే "గెలుపు మింద కట్టలేదు గదరా" అని అడిగేది. లేదనేవాడు. కంచం పెట్టేది. నేను ఊరుకోలేక, ఈసారి మాట నేను చెప్తాను, సందు లేకుండా గట్టిగా చెప్పిస్తాను, మళ్ళీ కాణిపాకం తీసుకుపోదామన్నాను. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు పాపా. వాడు నిలబడలేడు. వాడు దూరి పారిపోయే సందు అదొక్కటే. అది కూడా మూసేస్తే వాడు తప్పుతాడు. తప్పితే వాడు మనకు దక్కడు. నువ్వు సిన్నదానివి, నీ బొట్టు నాకు కావల్ల."

మొగుడు జూదమాడితే ఏడ్చే ఆడవాళ్ళను చూశాను. జూదంలో ఫలానా పక్కనే ఆడాలి దేవుడా అని మొక్కుకున్నది మాత్రం మా ఇంట్లోనే. ప్లేసు మీద కట్టి ఓడి వచ్చినా మాకు ఒక ఊరట. ఇంత దిక్కుమాలిన ఊరట పగవాడికి కూడా వద్దు.

పైగా ఒట్టి ప్లేసు అంటే సేనంతా కందిసాళ్ళే వేసి సెనక్కాయి మరిచిపోయినట్టు. గుర్రం మొదటిది వచ్చినా నాలుగో వంతు ధరే. ఒకసారి ఎనిమిదికొకటి ధర ఉన్న గుర్రం గెలిచింది. ఆయనకు వచ్చింది రెండుకొకటి చొప్పున. అందరూ ఎగురుతుంటే నేనూ ఎగిరినాను అని సంతోషంగా చెప్పాడు. నాకు మాత్రం రానిదాని లెక్కే మనసులో తిరిగింది. చూశారా, ఆ పిచ్చి నాకు కూడా అంటుకుంది.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ఒక పొద్దున నేను పాలు కేంద్రంలో పోసి వచ్చేసరికి పాకలో ఆవు లేదు. మా అత్తను అడిగితే, వాడు తోలుకుపోయినాడు, యాడికిరా అంటే వస్తానమ్మా అన్నాడు అని చెప్పింది. సూది వేయించడానికి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడేమో అనుకున్నాను. అనుకుంటూనే కాళ్ళు బస్సుల దగ్గరికి పరిగెత్తాయి.

బెంగుళూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చేతిసంచి. సంచిలోంచి ఆవు పలుపు కొస బయటికి కనబడుతోంది. మా వైపు ఆవును అమ్మినా పలుపు అమ్మరు. పలుపు ఇచ్చేస్తే పశువుల యోగం పోతుందంటారు, విప్పి ఇంటికి తెచ్చుకుంటారు. ఆ పలుపు చూశాక ఇంక ఆయన్ను అడగడానికి ఏమీ మిగల్లేదు.

"ఎవురికి అమ్మినావు?"

"దళారికి. బండి ఎక్కిచ్చి పంపించేసినాడు."

"దుడ్డు ఇట్లియ్యి."

"ఇస్తా. సాయంత్రం ఇస్తా. ఇది పన్నెండుకొకటి గుర్రం మే. భయస్తుడివి, సిన్న ధర గుర్రాలు అంటావు గదా. ఇది పెద్ద ధరది. ప్లేసుకు మూడుకొకటి. ఒక ఆవు పెడితే నాలుగావులు. మనదీ వస్తాది, ఇంకో మూడూ వస్తాయి. పలుపు అందుకే దాసినా."

బస్సులో జనం. చొక్కా లోపలి జేబు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నేను ఎక్కి పక్కన కూర్చున్నాను. దిగితే ఆ దుడ్డు ఇంక కంటికి కనబడదని తెలుసు. కండక్టరు వస్తే ఇద్దరికీ ఆయనే టికెట్టు తీశాడు. దారి పొడుగునా బతిమాలాను. పిల్లల పేర్లు చెప్పి బతిమాలాను, మా నాయన పేరు చెప్పి బతిమాలాను. విన్నాడు. ఆయన ఎప్పుడూ వింటాడు.

పందేల మైదానం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత చూడలేదు. తక్కువ టికెట్టు వైపు మగవాళ్ళ సముద్రం. అందరి చేతుల్లో రేసు పుస్తకాలు. నా వైపు ఎవరూ చూడలేదు. అక్కడ నేను చీర కట్టుకోకుండా నిలబడినా ఎవరూ చూసేవాళ్ళు కాదు. పలకల మీద సుద్దతో ధరలు రాసి తుడిచి మళ్ళీ రాస్తున్నారు. ఆయన గుర్రం ఆరో నంబరు. పందెంలో మొత్తం ఎనిమిది గుర్రాలు. అది నేనే లెక్కపెట్టుకున్నాను. మూడో గుర్రం దాకా ప్లేసు ఉంటుంది.

బుక్కీ గుమాస్తా తెలుగువాడే. "విన్నా, ఈచ్‌వేనా?" అని అడిగాడు. విన్ను అంటే గెలుపు. ఆయన జేబులోంచి కట్ట తీశాడు. నేను రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకున్నాను. నా బలమంతా పెట్టి పట్టుకున్నాను. మా వెనక జనం తోస్తున్నారు. ఆయన నా చెవి దగ్గర, నాకొక్కదానికే వినబడేటట్టు అన్నాడు:

"వదులు. వదలకపోతే విన్ను మింద కడతా."

నా చేతులు వాటంతట అవే వదిలేశాయి. ఆయనకు తెలుసు వదులుతానని. ఆవుకంటే ఆయన ప్రాణమే నాకు ముఖ్యమని ఆయనకు తెలుసు. నేను ఆయన్ను ద్వేషించింది జీవితంలో ఆ ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం గట్టిగానే ద్వేషించాను.

"ప్లేసు," అన్నాడు గుమాస్తాతో. చీటీ తీసుకుని నాకు చూపించాడు. "సూసినావా, నేను తప్పలేదు."

గుర్రాలు దూరంగా మొదలుపెట్టే చోటికి పోయాయి. అక్కడేదో గలాటా అయింది. కాసేపటికి కంచె పక్కగా ఒక మనిషి ఒక గుర్రాన్ని వెనక్కి నడిపించుకుంటూ వచ్చాడు. దాని మీద జాకీ లేడు. ఒళ్ళంతా చెమటతో నల్లగా మెరుస్తోంది. ఎంత అందంగా ఉందో, చూస్తే అంత భయం వేసింది. మైకులో ఎవరో ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పారు.

"అదేమి వెనక్కి పోతా ఉండాది?" అన్నాను.

"బెదిరి జాకీని కింద పడేసినట్టుండాది. ఇంక పరిగెత్తదు." ఆయన ముఖంలో సంతోషం. "మంచిదేమే. మన దానికి అడ్డం ఒకటి తగ్గింది."

నాకు కూడా సంతోషమే అయింది. చేటలో గింజలు పోసి ఆ నియమం నాకు నేర్పింది ఆయన. ఎప్పుడు లెక్క చూస్తారని అడిగింది నేను. ఇద్దరం ఆ కంచె దగ్గర నిలబడి, ఒకటి తగ్గిందని సంబరపడ్డాం.

గుర్రాలు వచ్చాయి. నేల అదిరింది. పసుపు చొక్కా జాకీ ఆరో నంబరు మీద. ముందు ఇద్దరు పోయారు, వెనకాలే పసుపు చొక్కా, దాని వెనక మిగతావి. గీత దాటాయి. ఆయన నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "మూడోది. మూడోది వచ్చింది. ప్లేసు వచ్చింది." నేను ఏడ్చేశాను. ఆవు వస్తుంది. దళారి దొరక్కపోయినా ఇంకొకటి కొంటాం. మా నాయనకు తెలియకుండా కొంటాం. పలుపు ఇక్కడే ఉంది. చేతిసంచి నా గుండెలకు లాక్కుని గట్టిగా పట్టుకున్నాను.

గుమాస్తా చీటీ చూసి వెనక్కి ఇచ్చేశాడు. ఆయన మళ్ళీ ఇచ్చాడు. ఆరో నంబరు మూడోది వచ్చిందప్పా, సూడు అన్నాడు. గుమాస్తా పరుషంగా ఏమీ అనలేదు. రోజూ చెప్పే మాట కాబోలు. ఒక చేతి అయిదు వేళ్ళూ, రెండో చేతి రెండు వేళ్ళూ లేపి చూపించాడు.

"ఏడే పరిగెత్తినై. ఏడైతే రెండే ప్లేసులు."

మా వెనక మనిషి మమ్మల్ని పక్కకు జరగమన్నాడు. జరిగాం.

ఆయన కంచె పక్కన నేల మీద కూలబడ్డాడు. "మంచిదని నేనే అన్నా. ఒకటి తగ్గింది మంచిదని నేనే అన్నా గదా," అని అదే మాట చాలాసార్లు అన్నాడు. అటు గెలుపు మీద కట్టే దిక్కు లేదు, ఇటు ప్లేసూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, ఆ రేవడి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. బస్సు ఎక్కించాను.

తిరుగు బస్సు పలమనేరులో ఆగితే ఆయన లేచాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. చిత్తూరుకు పోతున్నాం, తెల్లారి కాణిపాకం పోతున్నాం అని చెప్పాను. ఇంట్లో పిల్లలు, మా అత్త ఎదురు చూస్తుంటారని తెలుసు. కానీ ఆ రాత్రి ఇంటికి పోతే మళ్ళీ అన్నం, మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే జవాబు. నాకు ఇంక ఓపిక లేదు. ఆ రాత్రి చిత్తూరు బస్టాండులో బల్ల మీద కూర్చుని నా మాటలు నేను పేర్చుకున్నాను. గెలుపని కాదు, ప్లేసని కాదు. గుర్రం పేరు మీద, గుర్రం తోక మీద, గుర్రం నీడ మీద కూడా కట్టనని చెప్పించాలి. చీమ దూరే సందు కూడా ఉండకూడదు.

పొద్దున్నే కాణిపాకంలో తలమీద నీళ్ళు పోసుకుని వచ్చాడు. బట్టలు ఒంటికి అతుక్కుని, పక్కటెముకలు కనబడుతున్నాయి. అంత చిక్కిపోయాడని నేను అంతవరకూ గమనించలేదు. పూజారి "చెప్పు నాయనా" అన్నాడు. నేను పక్కనుంచి నా మాట మొదలుపెట్టాను. "గుర్రాల పందెం అనేదాని మింద..."

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. వెనక ఇంకెవరో ప్రమాణానికి కాచుకుని ఉన్నారు. పూజారి ఇంకోసారి చెప్పమన్నాడు.

ఆయన నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నా వల్ల కాదు. సెప్తే తప్పుతాను. నాకు తెలుసు. తప్పితే పోతాను. నీకు ఏది కావల్లో నువ్వే సెప్పు. సెప్పమంటే సెప్తా."

అంత మంది ముందు, స్వామి ముందు, ఆయన నిజంగా నన్ను అడిగాడు. చెప్పమంటే చెప్పేవాడే. ఎప్పుడు తప్పుతాడో కూడా నాకు తెలుసు, వచ్చే పందేల రోజున. రాత్రంతా పేర్చుకున్న మాటలు నా నోట్లోనే ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు. పాడు మనిషి, పనికిమాలిన మనిషి, ఆవును అమ్ముకున్న మనిషి, తడిబట్టలతో నిలబడి నా నోటి వైపు చూస్తున్నాడు.

"వద్దులే సామీ," అన్నాను పూజారితో. ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను.

బస్సులో ఆయనకు చలి పట్టుకుంది. నా కొంగు కప్పాను. బంగారుపాళెం దాటాక, కళ్ళు మూసుకునే, "ఇంటికి పోంగానే కాఫీ పెట్టియ్యిమే, తలకాయి పగిలిపోతా ఉండాది" అన్నాడు. సరేనన్నాను.

ఇంటికి పోగానే ఆయన మంచం మీద పడుకున్నాడు. నేను పొయ్యి రాజేసి డికాషన్‌కు నీళ్ళు పెట్టి, గూట్లో పాలచెంబు తీసుకుని పెరట్లోకి పోయాను. పాకలోకి పోయి, వంగి, కూర్చోబోయి ఆగిపోయాను. నేల మీద నిన్నటి పేడ ఎండిపోయి ఉంది. గాట్లో సగం తిన్న గడ్డి ఉంది.

మా అత్త నా వెనకే వచ్చి నిలబడింది. నా భుజానికి ఉన్న చేతిసంచిలోంచి పలుపు తీసి, దుమ్ము దులిపి, గుంజకు ఉన్న కొయ్యకు తగిలించింది. యాడికి పోయినారని అడగలేదు. ఆయన ఒంటి మీది తడిబట్టలు చూసే తెలిసిపోయినట్టుంది.

"ప్రమాణం చేసినాడా?" అంది.

"లేదత్తా."

ఆమె ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, గుంజ పట్టుకుని నిలబడింది. "పోనీలే పాపా. మనిషుండాడు."

లోపలినుంచి ఆయన కాఫీ అయిందా అని పిలిచాడు. నేను ఖాళీ చెంబుతో లోపలికి పోయాను. నీళ్ళు మరిగిపోయి ఉన్నాయి.

"డికాషనొక్కటే ఉండాది. తాగుతావా?" అని అడిగాను.